ఎనిమిది కాళ్ల చిప్పులో ప్రాణం

కాజీపేట నుంచి అక్క ఫోన్ చేసేసరికి రాత్రి పది దాటింది. "తమ్ముడూ, వైఫై డబ్బ పనిజేస్తలేదు. వీడు ఏందో అప్‌డేట్ అని నొక్కిండట, గప్పుడే గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మళ్లొచ్చినంక లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోతున్నయ్. సోమారం పొద్దుగాల నాకు ఆఫీసు కాల్ ఉన్నది." వెనక నుంచి బావ గొంతు వినబడింది: "కొత్తది కొందాం తియ్, దానికెందుకంత రంది?" ఆఖరికి ఫోన్ మేనల్లుడి చేతికొచ్చింది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. "మామా, నేనే ఖరాబ్ చేసిన" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే మర్నాడు పొద్దున బండెక్కాను. రౌటర్ ధర పెద్దదేమీ కాదు. కానీ మంచికని చేసిన పనితో ఇల్లంతా స్తంభించిపోయిందని పదిహేడేళ్ల పిల్లవాడు మనసులో పెట్టుకుంటే, మళ్లీ ఏ యంత్రం జోలికీ పోడు. ఆ రాత్రికి వాడికి చెప్పింది మూడే మాటలు. డబ్బా స్విచ్ ఆపెయ్. దాని అడుగున అంటించిన స్టిక్కర్‌ను ఫొటో తీసి పంపు. అది చచ్చిపోలేదు, నిద్రపో.

మూడో మాట ధైర్యం చెప్పడానికి అన్నది కాదు, నిజంగానే అన్నాను. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. రౌటర్ ప్రాణం కూడా అంతే. కొమ్ముల్లా నిలబడ్డ యాంటెనాల్లో లేదు, మిణుకుమిణుకుమనే దీపాల్లో లేదు. మూత విప్పితే ఆకుపచ్చ బోర్డు మీద కందిగింజ కంటే కాస్త పెద్ద నల్లటి ముక్క ఒకటి కనబడుతుంది. అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది కాళ్లు. అదే ఫ్లాష్ మెమరీ. మామూలు ఇళ్లలో వాడే చవక రౌటర్లలో దాని సామర్థ్యం 4, 8 లేదా 16 మెగాబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒకటి రెండు ఫొటోలకు పట్టే చోటది. ఆ కాస్త చోటులోనే ఇల్లంతటికీ ఇంటర్నెట్ పంచే తెలివంతా ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటాం.

ఆ చిప్పు లోపల గదులున్నాయి. మొట్టమొదటి చిన్న గదిలో ఉండేది బూట్‌లోడర్. కరెంటు రాగానే ముందు నిద్రలేచేది అదే, మిగతావాళ్లను లేపేదీ అదే. నడుమ ఉన్న పెద్ద హాలంతా ఫర్మ్‌వేర్‌ది. దాని పక్కన మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ దాచుకునే అలమర. చిట్టచివర, చాలా రౌటర్లలో, ఇంకో చిన్న గది ఉంటుంది. ఆ డబ్బాకు మాత్రమే చెందిన మ్యాక్ అడ్రస్, దాని రేడియోను ఫ్యాక్టరీలో కొలిచి సరిచేసిన అంకెలు అందులో ఉంటాయి. ఈ చివరి గది సంగతి తర్వాత చెబుతాను, దానితో నాకో పాత బాధ ఉంది.

మామూలు అప్‌డేట్ చాలావరకు నడుమ హాలునే ముట్టుకుంటుంది. పలక మీద పాత రాత తుడిస్తేగాని కొత్తది రాయలేం కదా, ఈ చిప్పు స్వభావమూ అదే. అక్షరం అక్షరం దిద్దడం కుదరదు. సాధారణంగా 64 కిలోబైట్ల పలక చొప్పున పూర్తిగా తుడవాలి, ఆ తర్వాతే రాయాలి. 4 మెగాబైట్ల చిప్పంటే అలాంటివి 64 పలకలు. దించుకున్న ఫైలును రౌటర్ ముందు తన తాత్కాలిక జ్ఞాపకంలో పెట్టుకుని, అది తన మోడల్‌దేనా, దారిలో ఎక్కడైనా చెడిందా అని సరిచూసుకుంటుంది. అక్కడిదాకా ఏం జరిగినా ప్రమాదం లేదు, కరెంటు పోయినా పాత ఫర్మ్‌వేర్ చెక్కుచెదరదు. తుడవడం మొదలైన క్షణం నుంచి చివరి పలక నిండేదాకా నడిచే ఆ ఒకటి రెండు నిమిషాలే గండం. మా మేనల్లుడి డబ్బాకు సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. హాలు సగం ఖాళీ, సగం కొత్త. వాకిట్లో బూట్‌లోడర్ మాత్రం క్షేమం. అందుకే దీపాలు వెలిగి ఆరుతున్నాయి. అది ప్రతిసారీ లేచి, హాల్లోవాళ్లను పిలిచి, ఎవరూ పలకకపోయేసరికి మళ్లీ మొదటికొస్తోంది.

దీపాల భాష

చెడిపోయిందని తేల్చేముందు కాసేపు ఆగాలి. అప్‌డేట్ గీత తొంభై శాతం దగ్గర ఆగిపోయిందని ప్లగ్ పీకేసేవాళ్లే ఎక్కువ. తెర మీద గీత ఆగినంత మాత్రాన లోపల రాత ఆగినట్టు కాదు. పావుగంట దాని మానాన దాన్ని వదిలేస్తే పోయేదేమీ లేదు. ఆ తర్వాతే స్విచ్ ఆపి వేసి, దీపాలు చూడాలి.

పవర్ దీపం స్థిరంగా ఉండి, వైఫై పేరు కనబడుతూ ఇంటర్నెట్ మాత్రం రాకపోతే ఫర్మ్‌వేర్ బాగానే ఎక్కినట్టు. పాత సెట్టింగులే కొత్తదానికి పొసగడం లేదు. వెనక రీసెట్ బొత్తాన్ని పిన్నుతో పది సెకన్లు నొక్కితే తొంభై పాళ్లు అక్కడితో సరి. అక్క వాళ్ల ఇంట్లోలా దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరుతూ చక్రంలా తిరుగుతుంటే హాలు పాడైంది, వాకిలి బాగుంది. పవర్ అడాప్టర్ బాగానే ఉన్నా దీపం అసలు వెలగకపోయినా, వెలిగిన దీపం కొయ్యబారినట్టు ఎంతసేపటికీ కదలకపోయినా వాకిలికే దెబ్బ తగిలిందేమోనని అనుమానించాలి. అడాప్టర్ సంగతి ఎందుకన్నానంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగసి అడాప్టర్ కాలిపోవడం మన దగ్గర మామూలే. నింద మాత్రం అప్‌డేట్ మీద పడుతుంది. అవే వోల్టులు, అంతకు తక్కువ కాని ఆంపియర్లు ఉన్న మరో అడాప్టర్ పెట్టి చూడటం రెండు నిమిషాల పని.

దీపాలు చెప్పని సంగతి పింగ్, అంటే 'ఉన్నావా' అని ఒక చిరునామాకు పంపే పలకరింపు, చెబుతుంది. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, ఆపకుండా పింగ్ పంపుతూ రౌటర్ స్విచ్ వేయండి. బ్రాడ్‌కామ్ ప్రాసెసర్ చిప్పున్న పాత రౌటర్లలో మొదటి రెండు మూడు సెకన్లు జవాబులొచ్చి ఆగిపోతాయి. ఆ జవాబుల్లో టీటీఎల్ అనే అంకె 100 ఉంటే మాట్లాడుతున్నది బూట్‌లోడర్. 64 ఉంటే ఫర్మ్‌వేర్‌లోని లైనక్స్ కూడా లేచినట్టే. అన్ని బూట్‌లోడర్లూ పింగ్‌కు పలకవు కాబట్టి, జవాబు రాలేదని ఆశ వదులుకోనక్కరలేదు.

ఆ కొద్ది సెకన్లు

కాజీపేటలో దిగేసరికి మేనల్లుడు అన్నీ సిద్ధం చేసి కూర్చున్నాడు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంపెనీ సైటు తెరిచి, స్టిక్కర్ మీది మోడల్‌కు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న వెర్షన్‌కు సరిపోయే ఫైలు దించి పెట్టుకున్నాడు.

ఈ వెర్షన్ అన్న మాటను జనం పట్టించుకోరు. మన ఇళ్లలో ఏళ్లతరబడి కనబడిన టీపీ-లింక్ 841ఎన్‌నే తీసుకోండి. పెట్టె మీద పేరు ఒక్కటే, లోపల పద్నాలుగు వెర్షన్ల దాకా మారింది. 12వ వెర్షన్‌లో ఉన్నది అథెరోస్ వంశపు ప్రాసెసర్ చిప్పు, 13లో మీడియాటెక్. ఒకదాని ఫర్మ్‌వేర్ మరొకదానికి పరాయి భాష. పైగా దేశాన్ని బట్టి కూడా ఫైళ్లు మారతాయి. మామూలు పేజీలో తప్పు ఫైలు ఇస్తే రౌటర్ చాలావరకు వద్దంటుంది. అత్యవసర దారిలో మాత్రం అలా అడ్డుచెప్పే కాపలా అన్ని మోడళ్లలోనూ ఉండదు. అందుకే స్టిక్కర్ ఫొటో ముందు, మిగతా పనంతా తర్వాత.

ఆ అత్యవసర దారి పేరు టీఎఫ్‌టీపీ. ఫైళ్లు పంపుకోవడానికి పుట్టిన అతి చిన్న పద్ధతి. దాని నియమాలు 1981లోనే అచ్చయ్యాయి. పాస్‌వర్డులు లేవు, ఫోల్డర్ల జాబితాలు లేవు. ఫలానా ఫైలు కావాలని ఒకరు 69వ నంబరు తలుపు తడతారు, ఇంకొకరు ముక్క తర్వాత ముక్క అందిస్తారు. అంత చిన్నది కాబట్టే బూట్‌లోడర్ ఉండే ఇరుకు గదిలో పట్టింది. నలభై ఏళ్లు దాటిన ఆ పద్ధతి ఇవాళ మనింటి డబ్బాకు ప్రాణం పోస్తోందంటే, దాన్ని అంత పొదుపుగా రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు అన్నది కంపెనీని బట్టి తిరగబడుతుంది. టీపీ-లింక్ మోడళ్లు చాలావాటిలో అడిగేది రౌటరే. రీసెట్ బొత్తాం నొక్కిపట్టి స్విచ్ వేస్తే, 841ఎన్ చివరి వెర్షన్లలాంటివి 192.168.0.66 అనే చిరునామా కోసం వెతుకుతాయి. అక్కడ 'టీపీ అండర్‌స్కోర్ రికవరీ డాట్ బిన్' అన్న పేరుతో ఫైలు దొరకాలి. అంటే మన లాప్‌టాప్‌కే ఆ చిరునామా ఇచ్చి, ఒక చిన్న టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, ఫైలుకు అక్షరం పొల్లుపోకుండా ఆ పేరే పెట్టి కాచుకుని ఉండాలి. నెట్‌గేర్‌లో ఇది తారుమారు. పవర్ దీపం మినుకుతూ రౌటర్ ఎదురుచూస్తుంది, ఫైలును మనం దాని చిరునామాకు తోయాలి. ఏసస్ వాళ్లు దీనికోసం విడిగా ఒక సాఫ్ట్‌వేరే ఇస్తారు. డి-లింక్ మోడళ్లు కొన్నింటిలో బ్రౌజర్ తెరిస్తే చాలు, ఒక్క బొత్తాంతో బోసిగా ఉండే అత్యవసర పేజీ వస్తుంది. లింక్‌సిస్ 1900 వరసలో రెండు హాళ్లుంటాయి. అప్‌డేట్ ఎప్పుడూ ఖాళీగా ఉన్న హాల్లోకే పోతుంది. అది చెడితే, దీపం వెలగగానే ఆపుతూ వరసగా మూడుసార్లు స్విచ్ వేసి ఆపితే పాత హాలు తెరుచుకుంటుంది. రెండు హాళ్లు కట్టడానికి అయ్యే అదనపు ఖర్చు ఒక చిన్న చిప్పు ధర మాత్రమే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని దేశాల్లో అమ్మే ప్రతి రౌటర్‌లోనూ ఆ ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా పని మొదటిసారి కాలేదు. రెండోసారీ కాలేదు. మేనల్లుడి మొహం మళ్లీ వాడింది. ఈ చోటనే చాలామంది వదిలేస్తారు. తప్పు మాత్రం దాదాపు ఎప్పుడూ లాప్‌టాప్ వైపే ఉంటుంది. మొదట, విండోస్ ఫైర్‌వాల్ తలుపు తట్టిన రౌటర్‌ను లోపలికి రానివ్వదు, కాసేపు దాన్ని పక్కన పెట్టాలి. ఇక లాప్‌టాప్ వైఫై ఆపకపోతే జవాబు కేబుల్‌లో కాకుండా గాల్లోకి పోతుంది. విండోస్ ఫైలు పేరులో చివరి తోకను దాచేస్తుంది కాబట్టి, మనం డాట్ బిన్ అని చేర్చగానే అది డాట్ బిన్ డాట్ బిన్ అయి కూర్చుంటుంది. మా మొదటి తప్పు ఇదే. వాడే కనిపెట్టాడు.

రెండోది కనిపెట్టడానికి కాస్త టైం పట్టింది. రౌటర్ స్విచ్ వేసినప్పుడల్లా కేబుల్ లంకె తెగి మళ్లీ అతుక్కుంటుంది. లాప్‌టాప్ దాన్ని గుర్తించి, చిరునామా సర్దుకుని లేచేలోపు బూట్‌లోడర్ ఎదురుచూసే ఆ కొద్ది సెకన్లు గడిచిపోతాయి. విరుగుడు చాలా తేలిక. రెండింటి మధ్యా మామూలు నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పెడితే, అవతల రౌటర్ ఎన్నిసార్లు పడి లేచినా లాప్‌టాప్‌కు లంకె తెగదు. పక్క వాటాలో సీసీ కెమెరాలకు వాడుతున్న ఐదు రంధ్రాల స్విచ్ అడిగి తెచ్చాం. మేనల్లుడు పిన్నుతో బొత్తాం నొక్కిపట్టాడు, నేను స్విచ్ వేశాను. సర్వర్ కిటికీలో ఒక గీత కదిలింది. "మామా, అడుగుతున్నది! ఫైల్ అడుగుతున్నది!" అని అరిచాడు. వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఫైలు అందడానికి పట్టింది పది సెకన్లే. ఆ తర్వాత చిప్పు మీద రాత పూర్తయి డబ్బా తనంతట తాను లేచేదాకా నాలుగు నిమిషాలు ఎవ్వరం ఏమీ ముట్టుకోలేదు. బావ కూడా అప్పటికి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

లేచాక ఇంకో పని మిగిలింది. సెట్టింగులన్నీ పోయాయి కదా. మన ఊళ్లలో కేబుల్ ఇంటర్నెట్ చాలాచోట్ల పీపీపీఓఈ పేరు, పాస్‌వర్డ్‌తో నడుస్తుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు కేబుల్ అతను వచ్చి కొట్టి వెళ్లిపోయి ఉంటాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. అతనికే ఫోన్ చేసి అడిగి రాసుకున్నాం.

మూడు వైర్లు

కొన్నేళ్ల కిందట నా సొంత రౌటర్ ఒకటి ఇంతకంటే లోతుగా మునిగింది. తప్పు వెర్షన్ ఫైలు నేనే ఎక్కించాను. టీఎఫ్‌టీపీకి పలకలేదు. అప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి యూఎస్‌బీ సీరియల్ ముక్క ఒకటి కొన్నాను. కొట్లో కుర్రాడు నా చేతిలోని బోర్డు చూసి, "మూడు వైర్లే పెట్టన్నా, నాలుగోది ముట్టకు" అన్నాడు. అంతకంటే క్లుప్తంగా ఆ విద్య ఎవరూ చెప్పలేరు. చాలా రౌటర్ల బోర్డు మీద వరసగా నాలుగు రంధ్రాలుంటాయి. ఒకటి పంపేది, ఒకటి వినేది, ఒకటి భూమి. నాలుగోది కరెంటు, దాన్ని కలపకూడదు, రౌటర్‌కు దాని అడాప్టర్ ఉంది. ఆ ముక్క 3.3 వోల్టుల మీద పనిచేసేదై ఉండాలి, 5 వోల్టులు పంపితే బోర్డు కాలిపోవచ్చు. వేగం ఎక్కువ రౌటర్లలో సెకనుకు 1,15,200 బిట్లు. కలిపి స్విచ్ వేస్తే నల్లటి తెర మీద బూట్‌లోడర్ తన లోపలి మాటలన్నీ బయటికే చెబుతుంది: ఎంత మెమరీ దొరికింది, ఏ గది తెరిచాను, ఎక్కడ ఆగిపోయాను. అన్నాళ్లూ దీపాలతో మాత్రమే సైగ చేసిన వస్తువు మాటలతో పలకడం మొదటిసారి చూసిన రోజు నాకిప్పటికీ గుర్తు.

ఆ రౌటర్‌ను లేపాను. కానీ తొందరలో చిప్పు మొత్తం తుడిచేశాను, ఆ చివరి గదితో సహా. ఆ డబ్బా రేడియో కొలతలు ప్రపంచంలో మరెక్కడా లేవు. వైఫై మళ్లీ రాలేదు. ఇప్పటికీ అది మా ఇంట్లో వైర్లు పంచే స్విచ్‌గా పనిచేస్తోంది. చిప్పులో ఉన్నదంతా ముందు కాపీ తీసుకుని తర్వాత చెయ్యి వేస్తే రేడియో బతికేది. బూట్‌లోడర్ కూడా పోయిన డబ్బాలకు ఆ ఎనిమిది కాళ్లను క్లిప్పుతో పట్టుకుని ప్రోగ్రామర్‌తో నేరుగా రాసే దారి ఉంది. ఆ పని చేసేవాళ్లు ఎవరైనా సరే, ముందు చదవండి, దాచుకోండి, ఆ తర్వాతే తుడవండి.

ఈ విద్య ఇంతమందికి ఎలా తెలిసింది? 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రౌటర్ తెచ్చింది. దాని లోపల నడుస్తున్నది లైనక్స్ అని కొనుక్కున్నవాళ్లు కనిపెట్టారు. లైనక్స్ లైసెన్సు ప్రకారం ఆ సోర్సు కోడ్ అందరికీ ఇవ్వాలని పట్టుబట్టారు. 2003లో కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్ మీదనే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉమ్మడి ఫర్మ్‌వేర్ మొదలైంది. వేలమంది తమ డబ్బాలకు సొంత ఫర్మ్‌వేర్ ఎక్కించి, చెడగొట్టుకుని, బాగుచేసుకుని, చేసిందంతా రాసిపెట్టారు. ఏ మోడల్ బూట్‌లోడర్ ఏ చిరునామా వెతుకుతుంది, ఏ పేరు అడుగుతుంది అన్నది మనకు దొరకడంలో ఆ చేతుల పుణ్యం చాలా ఉంది. కంపెనీలు ఈ వివరాలను యూజర్ మాన్యువల్‌లో ఒక పేజీగా వేస్తే ఎన్ని డబ్బాలు చెత్తకుప్పకు పోకుండా ఉండేవో!

భయపడి మానేస్తే

ఇదంతా విన్న బావ, "అట్లయితే అప్‌డేట్ చెయ్యకుంటనే మంచిది గదా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 2016 నవంబర్‌లో జర్మనీలో డాయిష్ టెలికామ్ చందాదారుల్లో సుమారు 9 లక్షల మందికి ఇంటర్నెట్ పోయింది. రౌటర్లను దూరం నుంచి సర్దడానికి ఉంచిన తలుపును మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ తడుతుంటే డబ్బాలు కుప్పకూలాయి. కొత్త ఫర్మ్‌వేర్‌తోనే అవి కోలుకున్నాయి. 2017 జులైలో మన బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ మోడెంల మీద బ్రికర్‌బాట్ అనే ఇంకో దుష్ట సాఫ్ట్‌వేర్ పడింది. 60 వేలకు పైగా దెబ్బతిన్నాయి. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డే మార్చకుండా ఉండటం దానికి దారిచ్చింది. 2023 అక్టోబర్‌లో అమెరికాలో ఒకే ఇంటర్నెట్ సంస్థ ఖాతాదారుల ఇళ్లలో దుష్ట సాఫ్ట్‌వేర్ సోకి మూడు రోజుల్లో 6 లక్షలకు పైగా రౌటర్లు మూగబోయాయి. వాటిని మార్చడం తప్ప దారి లేకపోయింది. అప్‌డేట్ చెడితే ఒక ఇల్లు ఒక రోజు ఆగుతుంది. అప్‌డేట్ లేని డబ్బా ఏళ్లతరబడి వీధి తలుపు తీసే ఉంచుతుంది. బావకు ఈ పోలిక నచ్చింది.

అక్క వాళ్లది సొంతంగా కొన్న రౌటర్. ఫైబర్ కనెక్షన్‌తో సంస్థ ఇచ్చిన ఓఎన్‌టీ డబ్బా అయితే మాత్రం మనం చెయ్యి పెట్టకపోవడమే మేలు. దాని ఫర్మ్‌వేర్‌ను వాళ్లే దూరం నుంచి ఎక్కిస్తారు, వాళ్ల నెట్‌వర్క్ గుర్తులు అందులో ఉంటాయి. బయట దొరికిన ఫైలు వేస్తే డబ్బా బతికినా లైను పోవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనల్లుడు ఆగిపోయిన అప్‌డేట్‌ను తానే పూర్తి చేస్తానన్నాడు. ఎండ కాస్తోంది, గాలి లేదు. అయినా రౌటర్ ప్లగ్ తీసుకెళ్లి ఇన్వర్టర్ లైను ఉన్న సాకెట్‌లో పెట్టాడు. వైఫై మీద కాకుండా కేబుల్‌తో కలిపాడు. ఇప్పుడున్న వెర్షన్ ఫైలు, ఎక్కించబోయే ఫైలు రెండూ లాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. బొత్తాం నొక్కేముందు నా వైపు ఒకసారి చూశాడు, నొక్కాడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం బండికి బయల్దేరుతుంటే డబ్బా తిరగేసి చూపించాడు. స్టిక్కర్ పక్కన తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో హార్డ్‌వేర్ వెర్షన్, అది వెతికే చిరునామా, అది అడిగే ఫైలు పేరు, కేబుల్ అతని నంబరు, ఆ రోజు తేదీ రాశాడు.